ఆన్-డిమాండ్ యాంటీవైరస్ స్కానర్: ఇంటి కంప్యూటర్‌కు ఎంపిక

ఆన్-డిమాండ్ యాంటీవైరస్ స్కానర్ అనేది మనం కోరినప్పుడు మాత్రమే కంప్యూటర్‌ను వెతికి, హానికర ప్రోగ్రాములను పట్టుకుని తొలగించే సాఫ్ట్‌వేర్. పని ముగియగానే ఆగిపోతుంది. మెమరీలో తిష్ఠ వేయదు, తెరిచే ప్రతి ఫైలునూ ఆపి చూడదు. అందుకే 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కుతో నెట్టుకొస్తున్న ఇంటి కంప్యూటర్లకు ఇది బాగా నప్పుతుంది. దాని హద్దు కూడా ఇక్కడే ఉంది: పిలిచేంతవరకు అది దేన్నీ అడ్డుకోలేదు. కాబట్టి ఇలాంటి స్కానర్‌ను ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలకు జవాబు తేల్చుకోవాలి. ఇది ఏ లెక్కన తేలిక? దీన్ని ఏ పనికి వాడబోతున్నాం?

రెండు రకాల కాపు

యాంటీవైరస్ పనితీరులో రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది రియల్‌టైమ్ రక్షణ. ఆపరేటింగ్ సిస్టమ్ లోతుల్లో ఒక ఫిల్టర్ డ్రైవర్ కూర్చుని, ఫైలు తెరిచినా, రాసినా, నడిపినా ముందు తాను చూసి తర్వాతే వదులుతుంది. రెండోది ఆన్-డిమాండ్ స్కాన్. డిస్కులో అప్పటికే ఉన్న ఫైళ్లను, నడుస్తున్న ప్రోగ్రాములను, స్టార్టప్ జాబితాను, విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలోని కీలక స్థానాలను ఒక విడతగా వెతికి నివేదిక ఇస్తుంది.

రెండు రియల్‌టైమ్ యాంటీవైరస్‌లను ఒకే కంప్యూటర్‌లో పెట్టకూడదు. ఒకే ఫైలు కోసం రెండు డ్రైవర్లూ పోటీ పడతాయి. ఒకటి క్వారంటైన్ అనే విడి చోట బంధించిన వైరస్‌ను రెండోది మళ్లీ పట్టుకుంటుంది. సిస్టమ్ స్లో అవుతుంది, ఒక్కోసారి హ్యాంగ్ కూడా అవుతుంది. ఆన్-డిమాండ్ స్కానర్‌తో సాధారణంగా ఈ గొడవ ఉండదు. ఇప్పటికే ఉన్న యాంటీవైరస్ పక్కనే దాన్ని నడిపి రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. ఈనాడు దాని ప్రధాన ఉపయోగం ఇదే.

చరిత్ర

తొలినాటి యాంటీవైరస్‌లు చాలావరకు ఆన్-డిమాండ్ రకానివే. 1986లో పాకిస్థాన్‌లోని లాహోర్ నుంచి బయలుదేరిన బ్రెయిన్ వైరస్ ఫ్లాపీల బూట్ సెక్టార్‌లో చేరి, ఐబీఎం పీసీ ప్రపంచంలో తొలి వైరస్‌గా పేరుపడింది. మరుసటి ఏడాది జాన్ మెకఫీ తన వైరస్‌స్కాన్‌తో రంగంలోకి దిగాడు. డాస్ కాలపు స్కానర్‌ను కమాండ్ టైపు చేసి నడపాల్సి వచ్చేది. డిస్కంతా చూసి, ఫలితాన్ని తెరమీద చూపి అది వెళ్లిపోయేది. వైరస్ సోకని ఫ్లాపీతో కంప్యూటర్‌ను బూట్ చేసి ఆ తర్వాతే స్కాన్ చేయాలన్నది ఆనాటి నియమం. అది నేటికీ చెల్లుతుంది.

మన దేశంలో 1990ల్లోనే ఈ పని మొదలైంది. చెన్నైలో కె7 కంప్యూటింగ్, పుణెలో క్విక్‌హీల్ అప్పుడే పుట్టాయి. క్విక్‌హీల్ మూలాలు కైలాష్ కట్కర్ నడిపిన రిపేరు దుకాణంలో ఉన్నాయి. అక్కడికి బాగుచేయించడానికి వచ్చే కంప్యూటర్లలో వైరస్‌లు కనిపించడంతో, వాటిని తొలగించే ప్రోగ్రామును ఆయన తమ్ముడు సంజయ్ రాశాడు.

కంప్యూటర్ల సామర్థ్యం పెరిగే కొద్దీ రియల్‌టైమ్ రక్షణే ప్రధానమైంది. 2005 జనవరిలో మైక్రోసాఫ్ట్ హానికర సాఫ్ట్‌వేర్ తొలగింపు సాధనాన్ని విండోస్ అప్‌డేట్ల ద్వారా పంపడం మొదలుపెట్టింది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఆ సంస్థ సొంత డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా విండోస్‌లోనే చేరింది. దీంతో ఆన్-డిమాండ్ స్కానర్ పాత్ర మారింది. అంతకుముందు చాలా ఇళ్లలో యాంటీవైరస్ అంటే అదొక్కటే. తర్వాత అది అనుమానం వచ్చినప్పుడు పిలిచే రెండో పరీక్షకుడైంది.

స్కానర్ ఎలా గుర్తిస్తుంది

మొదటి పద్ధతి సిగ్నేచర్. తెలిసిన వైరస్‌లోని ప్రత్యేకమైన బైట్ల వరుసనో, ఫైలు మొత్తం నుంచి గణించిన హాష్ అనే వేలిముద్రనో డేటాబేస్‌తో పోల్చడం. ఇది కచ్చితంగా ఉంటుంది కానీ డేటాబేస్ తాజాగా లేకపోతే పనికిరాదు. రెండోది హ్యూరిస్టిక్. కోడ్ నిర్మాణాన్ని, ప్యాకింగ్ తీరును చూసి, ఇంతవరకు ఎదురుకాని ఫైలును కూడా అనుమానించడం. మూడోది క్లౌడ్. ఫైలు హాష్‌ను కంపెనీ సర్వర్‌కు పంపి అక్కడి సమాచారంతో తేల్చుకోవడం.

నాలుగో పద్ధతి అయిన ప్రవర్తన పరిశీలన మాత్రం ఆన్-డిమాండ్ స్కానర్‌కు దాదాపుగా అందదు. ఒక ప్రోగ్రాము వరుసగా వందల ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేస్తోందని పసిగట్టాలంటే ఆ క్షణంలో అక్కడ కాపలా ఉండాలి. స్కానర్ చూసేది చాలావరకు కదలకుండా పడి ఉన్న ఫైళ్లనే. రిజిస్ట్రీలోనో, మెమరీలోనో మాత్రమే బతికే ఫైల్‌లెస్ మాల్‌వేర్ దాని కన్నుగప్పడం కూడా సులువే. ఏ స్కానరూ అన్ని వైరస్‌లనూ తప్పులేకుండా పట్టలేదని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ కోహెన్ 1980ల్లోనే గణితపరంగా నిరూపించాడు. నూటికి నూరు శాతం పట్టుకుంటామని చెప్పే ప్రకటనను అక్కడికక్కడే పక్కన పెట్టవచ్చు.

తేలిక అంటే ఏమిటి

స్కానర్ తేలికదనాన్ని నాలుగు రకాలుగా కొలవాలి. ఇవి ఒకదానికొకటి ఎదురు వస్తాయి కూడా.

మొదటిది డౌన్‌లోడ్ బరువు. వైరస్ డేటాబేస్‌ను తనతోనే మోసుకొచ్చే సాధనాలు వంద ఎంబీ దాటుతాయి. క్లౌడ్ మీద ఆధారపడేవి పది పదిహేను ఎంబీల్లో ముగుస్తాయి కానీ నెట్ లేకపోతే వాటి బలం సగమైపోతుంది. నెట్ తీసేసిన కంప్యూటర్‌ను శుభ్రం చేయాలంటే బరువైన సాధనమే మేలు.

రెండోది మెమరీ. ఫైలు చిన్నదైనంత మాత్రాన మెమరీ వాడకం తక్కువని చెప్పలేం. క్లామ్ఏవీ ఇందుకు మంచి ఉదాహరణ. ఓపెన్‌సోర్స్ కాబట్టి తేలికగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. కానీ అది సిగ్నేచర్లన్నిటినీ ర్యామ్‌లోకి ఎక్కించుకుంటుంది. కనీసం 3 జీబీ ర్యామ్ ఉండాలని దాని అధికారిక మార్గదర్శకమే చెబుతుంది.

మూడోది ప్రాసెసర్, డిస్కుల మీద పడే భారం. తిరిగే హార్డ్ డిస్కు ఉన్న పాత కంప్యూటర్‌లో ఫుల్ స్కాన్ గంటల తరబడి సాగుతుంది. ఎస్ఎస్‌డీ వేస్తే అదే పని చాలా త్వరగా పూర్తవుతుంది. విండోస్ డిఫెండర్‌లో షెడ్యూల్ చేసిన స్కాన్ ప్రాసెసర్‌ను సగటున 50 శాతానికి మించి వాడకుండా ముందే హద్దు పెట్టి ఉంటుంది. విడిగా తెచ్చుకునే అనేక స్కానర్లలో ఇలాంటి అదుపు ఉండదు.

నాలుగోది మిగులు. స్కాన్ అయ్యాక సర్వీసో, డ్రైవరో, టాస్క్‌బార్ దగ్గర ఐకానో మిగిలిపోతోందా? ఇన్‌స్టాల్ అక్కర్లేకుండా నడిచే పోర్టబుల్ సాధనాన్ని వాడి తీసేయవచ్చు. ఇంటి కంప్యూటర్‌కు అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఇదే. స్కాన్ నడిచే గంటసేపు సిస్టమ్ నెమ్మదించినా ఓర్చుకోవచ్చు, ఏడాది పొడవునా నెమ్మదించడం మాత్రం భరించలేం.

ప్రధాన సాధనాలు

విండోస్ డిఫెండర్: విండోస్ 10, 11లలో ముందే ఉంటుంది. ఇందులో క్విక్, ఫుల్, కస్టమ్ స్కాన్‌లకు తోడు ఆఫ్‌లైన్ స్కాన్ కూడా ఉంది. వేరే యాంటీవైరస్ వేసుకుంటే దీని రియల్‌టైమ్ రక్షణ తప్పుకుంటుంది. అప్పుడు కూడా అప్పుడప్పుడూ ఇది ఒక చూపు చూసేలా, పరిమిత స్కానింగ్ సౌకర్యాన్ని 2016 నాటి విండోస్ 10 అప్‌డేట్‌లో మైక్రోసాఫ్ట్ చేర్చింది.

మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్: ఒకే ఫైలుగా వస్తుంది, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. డౌన్‌లోడ్ చేసిన 10 రోజులకు గడువు తీరిపోతుంది, మళ్లీ కొత్తది దించుకోవాలి. పాత డేటాబేస్‌తో స్కాన్ చేసి ధీమాగా కూర్చునే ప్రమాదాన్ని ఈ గడువు తప్పిస్తుంది. స్కాన్ నడుస్తుండగా వైరస్ సోకిన ఫైళ్లు ఇన్ని అంటూ ఒక సంఖ్య కనిపించి, చివరికి ఏమీ దొరకలేదని రావచ్చు. చాలామంది ఇక్కడే కంగారు పడతారు. మధ్యలో కనిపించేవి ప్రాథమిక అనుమానాలు మాత్రమే. లోతుగా పరిశీలించాక తేలిన తుది ఫలితం విండోస్ ఫోల్డరులోని డీబగ్ అనే ఫోల్డరులో లాగ్ ఫైలుగా ఉంటుంది.

మాల్‌వేర్‌బైట్స్: మార్చిన్ క్లెచిన్‌స్కీ స్థాపించిన సంస్థ. 2008లో వచ్చిన తొలి వెర్షన్ నుంచే రెండో అభిప్రాయానికి పేరు తెచ్చుకుంది. ఉచిత వెర్షన్‌లో రియల్‌టైమ్ రక్షణ ఉండదు. అయితే దీన్ని ఇన్‌స్టాల్ చేయాలి, దీని సర్వీసు వెనకాల నడుస్తూనే ఉంటుంది. 2016లో ఈ సంస్థ సొంతం చేసుకున్న ఆడ్‌క్లీనర్ మాత్రం ఇన్‌స్టాల్ లేకుండా నడిచే చిన్న సాధనం. బ్రౌజర్‌లో హోమ్‌పేజీని మార్చేసే, అడగని టూల్‌బార్లను, ప్రకటనలను తగిలించే ప్రోగ్రాములను ఏరివేయడంలో ఇది దిట్ట.

ఈసెట్ ఆన్‌లైన్ స్కానర్, ట్రెండ్ మైక్రో హౌస్‌కాల్: నెట్ ద్వారా తాజా డేటాబేస్ తెచ్చుకుని స్కాన్ చేసే ఉచిత సాధనాలు. హౌస్‌కాల్ తొలి రోజుల్లో బ్రౌజర్‌లోనే నడిచేది. ఇప్పుడు ఇలాంటివన్నీ చిన్న ప్రోగ్రాముగా దిగి పనిచేస్తాయి.

ఎమ్సీసాఫ్ట్ ఎమర్జెన్సీ కిట్, డాక్టర్ వెబ్ క్యూర్ఇట్: వందల ఎంబీల బరువున్నా, ఇన్‌స్టాల్ లేకుండా నడుస్తాయి. ఎమర్జెన్సీ కిట్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని మరో కంప్యూటర్‌కు తీసుకెళ్లవచ్చు. క్యూర్ఇట్ ఇంటి వాడకానికే ఉచితం, ఆఫీసులో వాడాలంటే లైసెన్సు కావాలి.

హిట్‌మన్‌ప్రో: నెదర్లాండ్స్‌లో పుట్టి 2015లో భద్రతా సంస్థ సోఫోస్ చేతికి వెళ్లింది. క్లౌడ్ ఆధారితం, డౌన్‌లోడ్ చాలా చిన్నది. వెతకడం ఉచితమే కానీ తొలగింపు ట్రయల్ గడువు వరకే ఉచితం.

క్లామ్ఏవీ: పోలండ్‌కు చెందిన తోమాష్ కోయ్మ్ ప్రారంభించిన ఓపెన్‌సోర్స్ ఇంజిన్, ఇప్పుడు సిస్కో నిర్వహణలో ఉంది. మెయిల్ సర్వర్ల కోసం ఎదిగింది. లినక్స్ వాడేవారికి సహజమైన ఎంపిక. దాని మీద కట్టిన క్లామ్‌విన్ విండోస్‌లో పూర్తిగా ఆన్-డిమాండ్ స్కానరే.

వైరస్‌టోటల్: ఇది మొత్తం కంప్యూటర్‌ను వెతకదు. అనుమానం వచ్చిన ఒక్క ఫైలును డెబ్బైకి పైగా ఇంజిన్లతో పరీక్షించే వెబ్ సేవ. 2004లో స్పెయిన్‌లో మొదలై 2012లో గూగుల్ చేతికి వచ్చింది. అంతగా పేరులేని ఒకటి రెండు ఇంజిన్లు మాత్రమే ఎర్రజెండా ఊపితే అది తప్పుడు హెచ్చరిక కావచ్చు. పెద్ద సంస్థల ఇంజిన్లు చాలా కలిసి చెబితే నమ్మాలి. అప్‌లోడ్ చేసిన ఫైలు భద్రతా సంస్థలకు అందుబాటులోకి వెళుతుంది. కాబట్టి ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి ఫోటోలు అందులో పెట్టకూడదు. అలాంటి ఫైలు విషయంలో హాష్‌తో వెతికితే ఫైలు మన దగ్గరే ఉంటుంది.

ఒక ఉదాహరణ: పెన్‌డ్రైవ్ షార్ట్‌కట్ వైరస్

తెలుగు ఊళ్లలో హాల్‌టికెట్ ప్రింటు కోసమో, దరఖాస్తు కోసమో పెన్‌డ్రైవ్ పట్టుకుని జిరాక్స్ షాపుకో నెట్ సెంటర్‌కో వెళ్లడం మామూలే. రోజంతా పదుల పెన్‌డ్రైవ్‌లు తగిలే ఆ కంప్యూటర్ నుంచి షార్ట్‌కట్ వైరస్ ఎక్కే అవకాశం ఎక్కువ. ఇంటికి వచ్చి తెరిస్తే ఫోల్డర్ల మీద చిన్న బాణం గుర్తు కనిపిస్తుంది. వాటి సైజు ఒకటి రెండు కేబీలే ఉంటుంది. క్లిక్ చేస్తే ఫోల్డరు తెరుచుకుంటుంది, దాంతోపాటు వెనక ఒక స్క్రిప్టు కూడా నడిచి కంప్యూటర్‌లో చేరిపోతుంది.

ఇలాంటప్పుడు ముందు కంప్యూటర్‌ను, తర్వాత పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేయాలి. పెన్‌డ్రైవ్‌ను మాత్రమే శుభ్రం చేస్తే కంప్యూటర్‌లోని స్క్రిప్టు దాన్ని మళ్లీ పాడుచేస్తుంది. స్కానర్ స్క్రిప్టునూ షార్ట్‌కట్లనూ తీసేశాక పెన్‌డ్రైవ్ ఖాళీగా కనిపించవచ్చు. ఫైళ్లు పోయాయనుకుని ఫార్మాట్ చేసేవారు ఎందరో. అసలు ఫోల్డర్లు అక్కడే ఉంటాయి, వైరస్ వాటికి హిడెన్, సిస్టమ్ అనే గుణాలు తగిలించి దాచిపెట్టింది, అంతే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్లలో దాచిన ఫైళ్లను చూపమని, రక్షిత సిస్టమ్ ఫైళ్లను దాచవద్దని చెబితే అవి బయటపడతాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ అనే కమాండ్‌తో ఆ రెండు గుణాలనూ తీసేస్తే ఫోల్డర్లు మామూలుగా మారతాయి. వైరస్‌ను తొలగించడం, అది చేసిన నష్టాన్ని సరిదిద్దడం రెండు వేర్వేరు పనులు. చాలా స్కానర్లు మొదటి పనే చేస్తాయి.

హద్దులు, ప్రమాదాలు

రూట్‌కిట్ అనే రకం ఆపరేటింగ్ సిస్టమ్‌నే లొంగదీసుకుంటుంది. ఫలానా ఫైలు ఉందా అని స్కానర్ అడిగితే లేదని సిస్టమ్ చేతే అబద్ధం చెప్పిస్తుంది. దీనికి విరుగుడు, ఆ విండోస్ నడవని సమయంలో వెతకడం. డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే సుమారు 15 నిమిషాల్లో ఆ పని చేస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే రెస్క్యూ డిస్కులు కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి.

ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ విషయంలో ఆన్-డిమాండ్ స్కానర్ వచ్చేసరికే ఆలస్యమైపోతుంది. 2017 మే 12న ప్రపంచమంతా పాకిన వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నింటినీ తాకింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న, సవరణ ఇచ్చింది. ఎన్‌క్రిప్ట్ అయిన ఫైళ్లను స్కానర్ తిరిగి తేలేదు. ఆనాడు కాపాడగలిగినవి సకాలంలో వేసిన అప్‌డేట్, విడిగా దాచిన బ్యాకప్.

తప్పుడు హెచ్చరికలు మరో ప్రమాదం. 2010 ఏప్రిల్ 21న మెకఫీ సంస్థ పంపిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీలోని అతి ముఖ్యమైన సిస్టమ్ ఫైలును వైరస్‌గా భావించి ఎన్నో కంప్యూటర్లను నిలబెట్టేసింది. రెండో అభిప్రాయం కోసం వాడే సాధనాలు కొన్ని కావాలనే మరింత దూకుడుగా అనుమానిస్తాయి. నార్టన్ పవర్ ఇరేజర్ ఆ కోవకు చెందింది. కాబట్టి దొరికినదాన్ని వెంటనే డిలీట్ చేయక క్వారంటైన్‌లో పెట్టాలి. పొరపాటని తేలితే వెనక్కి తెచ్చుకోవచ్చు.

వెతికి ఎంచుకునే క్రమంలోనే మోసం కూడా పొంచి ఉంటుంది. మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని బ్రౌజర్‌లో అరిచే పేజీలన్నీ దగా. నేటి బ్రౌజర్ పేజీ తనంతట తాను మన డిస్కును స్కాన్ చేయలేదు. అలాంటి ఫోన్లకు లొంగి డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి. అది సైబర్ ఆర్థిక నేరాలకు జాతీయ సహాయ నంబరు.

ఎంపిక ప్రమాణాలు

తయారీదారు సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి. ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ విభాగం తెరిచి ఆ సంస్థ పేరు ఉందో లేదో చూడాలి. డేటాబేస్ తేదీ తాజాదై ఉండాలి. వెతకడంతోపాటు తొలగింపు కూడా ఉచితమో కాదో ముందే తెలుసుకోవాలి. క్వారంటైన్, లాగ్ సౌకర్యాలు లేని సాధనం ఇంటికి తగదు.

పరీక్షా సంస్థల ఫలితాలు చూడటం మంచి అలవాటు. జర్మనీలోని ఏవీ-టెస్ట్ రక్షణ, పనితీరు, వాడుక సౌలభ్యం అనే మూడు విభాగాలకు ఆరేసి మార్కుల చొప్పున 18కి లెక్కిస్తుంది. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ ఫైళ్ల కాపీ, ప్రోగ్రాముల ఇన్‌స్టాల్, బ్రౌజింగ్ వంటి పనులు ఎంత నెమ్మదిస్తాయో కొలుస్తుంది. ఈ మార్కులు ప్రధానంగా రియల్‌టైమ్ ఉత్పత్తులవి. అదే సంస్థ ఉచిత స్కానర్‌కు వాటిని యథాతథంగా వర్తింపజేయలేం కానీ ఇంజిన్ నాణ్యత మీద అవగాహన వస్తుంది.

సంస్థ మీద నమ్మకం కూడా ఒక ప్రమాణమే, ఎందుకంటే స్కానర్‌కు కంప్యూటర్ మీద సర్వాధికారాలూ ఇస్తాం. 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం జాతీయ భద్రత కారణంగా తమ దేశంలో రష్యా యాంటీవైరస్ సంస్థ కాస్పర్‌స్కీ ఉత్పత్తుల అమ్మకాన్ని నిషేధించింది. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆధ్వర్యంలో 2017 ఫిబ్రవరి 21న మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం, దేశీయ యాంటీవైరస్ సంస్థలతో కలిసి బాట్ అనే హానికర ప్రోగ్రాములను తొలగించే సాధనాలను ఉచితంగా అందిస్తోంది. దిక్కుతోచనప్పుడు తెలియని సైట్ల మీద పడకుండా ముందు అక్కడికి వెళ్లడం క్షేమం.

ఎంచుకున్న సాధనం పనిచేస్తోందో లేదో ఏకార్ పరీక్షా ఫైలుతో చూసుకోవచ్చు. 68 అక్షరాల ఈ చిన్న ఫైలు ఎవరికీ హాని చేయదు. దాన్ని చూడగానే వైరస్ దొరికిందని చెప్పేలా యాంటీవైరస్ సంస్థలు ఒప్పందంగా పెట్టుకున్నాయి.

వాడే క్రమం

అనుమానం రాగానే ముందుగా ముఖ్యమైన పత్రాలను మరో డిస్కులోకి కాపీ చేయాలి. ప్రోగ్రాము ఫైళ్లను మాత్రం కాపీ చేయకూడదు. అక్కర్లేని ప్రోగ్రాములను మూసేసి, డేటాబేస్ అప్‌డేట్ చేసి, నెట్ తీసేసి క్విక్ స్కాన్ నడపాలి. క్లౌడ్ సాధనమైతే నెట్ ఉంచాలి. ఏమైనా దొరికితే ఫుల్ స్కాన్ చేసి, రీస్టార్ట్ తర్వాత ఇంకోసారి చూడాలి. అదే మళ్లీ వస్తుంటే ఆఫ్‌లైన్ స్కాన్ చేయాలి. ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టే ఉంచాలి. శుభ్రమయ్యాక బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులు మార్చుకోవాలి. ఆ మార్పును వైరస్ సోకిన కంప్యూటర్‌లో కాక ఫోన్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో చేయడం మంచిది. రెండు మూడు సాధనాలతో కూడా పోని మాల్‌వేర్ విషయంలో విండోస్‌ను కొత్తగా వేసుకోవడమే నమ్మదగిన మార్గం.

తేల్చి చెప్పాలంటే

సాధారణ ఇంటి కంప్యూటర్‌కు డిఫెండర్ రియల్‌టైమ్ రక్షణను ఆన్‌లో ఉంచి, నెలకోసారి గానీ అనుమానం వచ్చినప్పుడు గానీ మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్‌ను నడిపితే సరిపోతుంది. పూర్తిగా వేరే సంస్థ అభిప్రాయం కావాలంటే ఈసెట్ ఆన్‌లైన్ స్కానర్‌ను, బ్రౌజర్ బెడదకు ఆడ్‌క్లీనర్‌ను వాడవచ్చు. మొండి మాల్‌వేర్‌కు ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. భద్రతా సవరణలు అందని సిస్టమ్‌ను ఏ స్కానరూ నిలబెట్టలేదు కాబట్టి, ఆ కంప్యూటర్ ఉన్నవారు విండోస్ 11కో లినక్స్‌కో మారాలి. సిస్టమ్ స్లో అవుతోందన్న కారణంతో రియల్‌టైమ్ రక్షణను ఆపేసి, ఆన్-డిమాండ్ స్కానర్ ఒక్కదాన్ని నమ్ముకోవద్దు. పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి ఫోటోలు ఉన్న ఫోల్డరుకు కంప్యూటర్ బయట ఒక కాపీ ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.